మునగని బతుకమ్మ

సాయంత్రం ఐదున్నర. మధ్యాహ్నం పడ్డ వాన ఎలిసింది గని మబ్బు ఇంక పోలే. గాలి సల్లగ కొడుతున్నది. సద్దుల బతుకమ్మ నాడు కోరుట్ల ఆడోళ్లందరు చెరువు దిక్కు కదిలే టైమది. గప్పుడు నా తల మీద మూడడుగుల బతుకమ్మ ఉన్నది. ఏడు కొట్టేటాళ్లకు మెడ మీద తలకాయైతే ఉన్నది గని, దాన్ని పైకెత్తే మొఖం లేదు.

గీ సంగతి మీకు ఎవలో ఒకలు చెప్తరు. మా పక్కింటి లలితక్క చెప్తే దానికి ఇంకో నాలుగు కలుపుతది. గందుకే నేనే చెప్తున్న. చాయ గ్లాసు అక్కడ పెట్టుండ్రి. చెప్పుకుంట చేతులు ఊపుత నేను, పట్టుకుంటే ఒలుకుతది.

మొదలు నా గొప్ప చెప్పుకోవాలె. మా గల్లీ మహిళా సంఘానికి నేను లీడర్ను. ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. గని ఈసారి పండుగకు పది రోజుల ముందు మీటింగ్ పెడితే, ఏమైందో ఏమో, లేచి నిలబడ్డ. చెరువు పాడైతున్నది అన్న. బతుకమ్మల థర్మాకోల్ పెడుతున్నరు, ప్లాస్టిక్ పువ్వులు పెడుతున్నరు, ఫలారం క్యారీబ్యాగులల్ల తెచ్చి అక్కడనే పడేస్తున్నరు, ఇది పండుగనా అన్న. అందరు నా దిక్కే చూసిండ్రు. నాకు ఉషారచ్చింది. చేతుల ఇంత పసుపు పట్టుకొని, "గౌరమ్మ సాక్షిగ ఒట్టు వెయ్యుండ్రి" అన్న. నలభై మంది వేసిండ్రు.

అటెంక నేనే నినాదం కూడ ఇచ్చిన.

"థర్మాకోల్?"

"ముట్టద్దు!"

"క్యారీబ్యాగ్?"

"పట్టద్దు!"

మీటింగ్ అయిపోయినంక అందరికి చాయ పోసినం. దేంట్ల? ప్లాస్టిక్ కప్పులల్ల. అప్పుడు మా అందర్ల ఒక్కలకు కూడ నవ్వు రాలే.

మా బిడ్డ అక్షిత పదో తరగతి. స్కూల్‌ల పర్యావరణం ప్రాజెక్టు ఇచ్చిండ్రు. నా మాటలన్ని ఫోన్ల వీడియో తీసింది. ప్రాజెక్టుకు పేరు కూడ పెట్టింది: "మా అమ్మ ప్లాస్టిక్ లేని బతుకమ్మ." పేర్చేకాడికెళ్లి చెరువుల వేసేదాక తీసి, దసరా సెలవులైనంక స్కూలందరి ముందట చూపెడతదట. వాళ్ల సైన్స్ మేడం చెరువు కాడికి స్వయంగ వస్త అన్నదట. క్లాసుల ఎవలో "మీ అమ్మ మాటలు మా అమ్మ కూడ చెప్తది" అని ఎక్కిరిస్తే, "మా అమ్మ చెప్పిందంటే చేస్తది" అని లొల్లి పెట్టుకొని వచ్చింది.

గా మాట నాకు చెప్పింది. నేను తలూపిన. గంతే.

సంఘం తరఫున అందరికి బట్ట సంచులు పంచుదామనుకున్నం. మా పుట్టిల్లు సిరిసిల్ల. మా తమ్ముడు అక్కడ మరమగ్గాలు నడుపుతడు. అడిగిన రెండు రోజులల్ల యాభై సంచులు కుట్టించి పంపిండు. పార్సిల్ విప్పిన. ఒక్కో సంచి ఒక్కో ప్లాస్టిక్ కవర్ల ఉన్నది. యాభై సంచులు, యాభై కవర్లు. అన్నిటికి కలిపి పైన ఇంకో పెద్ద కవర్.

ఫోన్ చేసిన.

"ఇదేందిరా?"

"అక్కా, తెల్ల బట్టనాయె. మాసిపోదా?"

"మరి గీ కవర్లు ఏం జెయ్యాలె?"

"దాచిపెట్టు అక్కా, పనికొస్తయి."

దాచిపెట్టిన.

ఇగ పువ్వు సంగతి. ఈసారి తంగేడు లేదు. మునుపు మా ఇంటి ఎనుకకెళ్లి అర కిలోమీటరు పోతే పచ్చగ తంగేడు వనం ఉండె. ఇప్పుడు అక్కడన్ని ప్లాట్లు. హద్దురాళ్లు. గా ప్లాట్లల్ల ఒకటి మాది కూడ. రెండేండ్ల కింద కొన్నం. డోజర్ పెట్టి చెట్లన్ని తీపిచ్చింది మా ఆయననే. పండుగ ముందు రోజు అదే ప్లాట్ల నిలబడి, "తంగేడంత ఏడ వాయెనే?" అని నాకు ఫోన్ చేసిండు. తిరిగి తిరిగి సంచికి సగం పువ్వు తెచ్చిండు.

గోడ అవతలికెళ్లి లలితక్క తొంగి చూసింది. ప్రతి ఏడు మా గల్లీల ఆమె బతుకమ్మనే పెద్దది.

"సరోజనా, గింతేనా పువ్వు?"

"గింతే అక్కా."

"నిరుడు నీ బతుకమ్మ నా బతుకమ్మ పక్కన కూసుంటే బిడ్డ లెక్క ఉండె. ఈసారి మనుమరాలా?"

 లోపటికొచ్చి తలుపేసుకున్న. గట్టిగనే వేసిన.

మా ఆయన పేరు రాజేశం. జగిత్యాలల ఫ్రిజ్‌లు, కూలర్లు అమ్మే దుకాణంల పని. రోజు బస్సుల పోయి వస్తడు. మంచం మీద కూసొని కాళ్లు ఊపుకుంట అన్నడు:

"పువ్వు తక్కువుంటే తక్కువుండనియ్యి. లోపల నింపుటానికి ఏదన్న ఉంటే చాలు గదా. పైన రెండు వరుసలు పువ్వు పెడితే అయిపాయె."

"లోపల నింపేది ఆకు, కొమ్మలు. గవి కూడ లెవ్వు."

"థర్మాకోల్ పెట్టు."

"ఏమయ్యా! సిగ్గున్నదా?"

"లోపల ఏమున్నదో ఎవలు చూస్తరే?"

"గౌరమ్మ చూస్తది."

"గౌరమ్మ పైన కూసుంటది. లోపటికి తొంగి చూడది."

ఛీ అన్న. వంటింట్లకు పోయిన. పులిహోరకు చింతపండు నానేసిన. నువ్వులు ఏపిన. సత్తుపిండి కలిపిన. లలితక్క మాట చెవుల గిర్రున తిరుగుతున్నది. మనుమరాలట.

బయటికొచ్చి అడిగిన.

"ఎంత మందముంటదది?"

"అర జానెడు. తెచ్చిన నిన్ననే. మేడ మీద పెట్టిన."

"తెచ్చినవా?"

"ఎందుకైనా మంచిదని. బస్సుల కండక్టర్ దానికి కూడ టికెట్ అడిగిండు."

నా లాంటి లీడర్‌కు గీయన మొగడు. లేకుంటే గీయనకు నేను పెండ్లామా. ఏదో ఒకటి.

అక్షిత బంతిపూలకు బజారు పోయింది. వచ్చేలోపట పని కావాలె. మేడ మీది అర్రల తలుపు పెట్టుకొని ఇద్దరం కూసున్నం. ఆయన కత్తితోని గుండ్రంగ కోస్తున్నడు, నేను పట్టుకున్న. కిర్రు కిర్రుమని ఒక్కటే చప్పుడు. పెద్దది కింద, చిన్నది పైన, ఐదు చక్రాలు. ఊడిపోకుండ చుట్టూ టేపు వేసిండు. ఆయన దుకాణంల ఫ్రిజ్‌లకు వేసే ఎర్ర టేపు. దాని మీద పొడుగునా ఇంగ్లీషుల రాసుంటది, "ఫ్రజైల్, హ్యాండిల్ విత్ కేర్" అని.

"వేరే టేపు లేదా?"

"పువ్వుల కింద ఎవలు చదువుతరే? అయినా థర్మాకోల్ ప్లాస్టిక్ ఎట్లయితది? ప్లాస్టిక్ గట్టిగుంటది. ఇది మెత్తగుంటది."

గా మాట అబద్ధమని నాకు తెలుసు. గని గప్పుడు ఇనసొంపుగ ఉండె.

ఇల్లంత తెల్లటి గింజలు. చీరెకు, ఎంటికెలకు, ఆయన మీసాలకు. దులిపితే ఇంకో దిక్కు పోయి అతుక్కుంటయి. ఊడ్వబోతే చీపురుకు ఎదురొస్తయి. గంతట్ల మా అత్తమ్మ మెల్లగ మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటినయి. చూపు సరిగ ఆనదు. తలుపు నూకి, కింద కూసొని, నాలుగు గింజలు ఏరి నోట్లె వేసుకున్నది.

"పేలాలు ఏపినవానే?"

"అత్తమ్మా!"

థూ అని ఊంచింది. "ఉప్పు లేదు, కారం లేదు. నమిలితే కిర్రుమంటున్నయి."

"పాతయి అత్తమ్మా. పారెయ్యి."

"గందుకేనా?" అన్నది. మా ఆయన గోడ దిక్కు తిరిగి నవ్వు ఆపుకుంటున్నడు. భుజాలు ఊగుతున్నయి.

అత్తమ్మ కిందికి పోయి తన బతుకమ్మ తాను పేర్చుకున్నది. గుమ్మడాకు మీద దోసెడు గునుగు, రెండు నీలం కట్ల పువ్వులు, నడుమ పసుపు గౌరమ్మ. గంతే. "నా దోసెట్ల పట్టేటంత నాకు సాలు" అంటది ఎప్పుడు. ఒట్టేసే మీటింగ్‌కు ఆమె రాలే. కాళ్లు నొస్తున్నయి అన్నది.

నాదాన్ని ఇత్తడి తాంబాలం మీద నిలబెట్టిన. థర్మాకోల్‌ల గునుగు కాడ గుచ్చితే మేకు దిగినట్టు దిగుతున్నది. గింత సుళువు పని జన్మల చెయ్యలే. రంగు రంగుల వరుసలు, పైన గుమ్మడి పువ్వుల గౌరమ్మ. చూసుకుంటే నాకే కండ్లు చెదిరినయి.

అక్షిత వచ్చింది. బంతిపూల సంచి కింద పడేసింది.

"అమ్మా! గింత ఎత్తా! లోపల ఏం పెట్టినవ్?"

"ఆకు."

"ఏం ఆకు?"

"పచ్చటాకు."

ఫోన్ తీసి చుట్టూ తిరుగుకుంట వీడియో తీసింది. గొంతు సవరించుకొని చెప్పింది: "మా అమ్మ పేర్చిన ఈ బతుకమ్మలో ఒక్క ప్లాస్టిక్ ముక్క కూడా లేదు." పుస్తకంల భాష. ఎంత మురిపెంగ చెప్పిందో.

 గప్పుడన్న చెప్పాలె. నోరు తెరిచిన. "ఫలారం డబ్బాలు సర్దు పో బిడ్డ" అన్న.

ఐదున్నరకు బయలెల్లినం. నేను, ఆయన, అక్షిత, అత్తమ్మ. గడప దాటంగనే లలితక్క ఎదురైంది. ఆమె బతుకమ్మ కూడ పెద్దగనే ఉన్నది. ఆమె మొగడు ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు పట్టుకొని మోస్తున్నరు. ఇద్దరి నడుములు వంగిపోయినయి. చెమటలు కారుతున్నయి. నేనొక్కదాన్నే, ఒక చెయ్యి ఊపుకుంట నడుస్తున్న.

"సరోజనా! గంత పెద్దగున్నది. గంత అలుకగ ఎట్ల మోస్తున్నవే?"

"భక్తి అక్కా."

నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో తెల్వది. అటెంక అనుమానం రావద్దని నడుమ నడుమ ఆగి "అమ్మా" అని మూలిగిన. మా ఆయన సాయం పట్టినట్టు చేసిండు. ఇద్దరం నటించుకుంటనే చెరువు కాడికి చేరినం.

సైన్స్ మేడం అప్పటికే వచ్చింది. నా చేతులు పట్టుకున్నది.

"మీ గురించి అక్షిత రోజూ చెప్తుందండీ. మీలాంటి వాళ్లు గల్లీకి ఒక్కరుంటే చాలు."

నేను కింద మట్టిని చూసిన.

బతుకమ్మలు నడుమ పెట్టి చుట్టూ తిరుగుకుంట ఆడుతున్నం. చెరువు గాలి జోరుగ ఉన్నది. అందరి బతుకమ్మలు రాయి లెక్క కూసున్నయి. నాది కదులుతున్నది. ఒకసారి తాంబాలం మీద జానెడు జరిగింది. పాట ఇడిసి దానికి అడ్డం ఉరికిన. ఆయన వచ్చి పక్కన కూసొని, మీద చెయ్యేసి కాపలా పెట్టుకున్నడు. "రాజేశం మరిదికి ఎంత భక్తే!" అని లలితక్క. అందరు చప్పట్లు.

ఆడుడు అయిపోయినంక మేడం అన్నది, నినాదం ఒకసారి ఇవ్వండి, వీడియోల బాగుంటది అని. అక్షిత ఫోన్ పట్టుకొని ముందటికొచ్చింది. ఇగ తప్పదు.

"థర్మాకోల్?" అన్న. గొంతు పిల్లి లెక్క వచ్చింది.

"ముట్టద్దు!" అని నలభై మంది. ఎనుకకెళ్లి అందరికన్న గట్టిగ మా ఆయన.

చెరువు నిండుగున్నది. మెట్లు సగం దాక నీళ్లల్లనే. ఈతగాళ్లు ఇద్దరు ట్యూబులు పట్టుకొని పక్కన కూసున్నరు. ఒక్కొక్కలు దిగి బతుకమ్మను తాంబాలం మీదికెళ్లి మెల్లగ నీళ్లల్లకు జారుస్తున్నరు. కొంచెం దూరం పోతది, ఒకదిక్కు ఒరుగుతది, బరువుకు మునుగుతది. పువ్వులు పైకి తేలుతయి. లలితక్కది గట్లనే మునిగింది. అత్తమ్మ తన దోసెడు బతుకమ్మను వంగి వదిలింది. అది ఎప్పుడు మునిగిందో కూడ ఎవ్వలు చూడలే.

నా వంతు.

జార్చిన. నీళ్ల మీద కూసున్నది. పడవ లెక్క నాలుగడుగులు పోయింది. గాలికి గుండ్రంగ తిరిగింది. మల్ల నా దిక్కే వచ్చింది.

నూకిన. పోయింది. వచ్చింది.

ఇంకోసారి గట్టిగ నూకిన. ఈసారి నాకన్న ముందే గట్టుకొచ్చి మెట్టుకు తగిలింది.

"అమ్మవారికి నిన్ను ఇడిసి పోబుద్ధైత లేదు సరోజనా" అన్నది ఒకామె. చేతులు జోడించింది కూడ. మేడం ముందుకొచ్చి చూస్తున్నది. అక్షిత ఫోన్ దించలే.

"జరుగు, నేను ఒత్తుత" అన్నడు మా ఆయన చెవుల. ప్యాంటు మోకాళ్ల దాక మలిచి మూడు మెట్లు దిగిండు. రెండు చేతులు పైన పెట్టి కిందికి ఒత్తిండు. దిగింది. అబ్బ అనుకున్న.

అప్పుడు పైకి లేచింది చూడుండ్రి! బుడుంగుమని! గుమ్మడి పువ్వు ఒక దిక్కు, గౌరమ్మ ఒక దిక్కు, గునుగంత చెల్లాచెదరు. నడుమ తెల్లటి థర్మాకోల్, ఐదు చక్రాలు, ఎర్ర టేపు. "ఫ్రజైల్, హ్యాండిల్ విత్ కేర్."

గట్టు మీదోళ్లందరు మెడలు సాపి చదివిండ్రు. 

గా లేచిన జోరుకు ఆయన కాలు జారింది. మెట్ల మీద పాకురు. ఒక్క మెట్టు, ఇంకో మెట్టు, అటెంక మెట్లే లెవ్వు. తలకాయ కనవడలే.

ఆయనకు ఈత రాదు.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నేను ఇప్పుడు నవ్వుతున్న. గప్పుడు నా చెవులు మూసుకుపోయినయి. నీళ్ల మీద ఉత్త పువ్వులున్నయి. పచ్చవి, తెల్లవి. ఎంత సేపో తెల్వది. ఎవలో నా కొంగు పట్టి ఎనుకకు గుంజుతున్నరు. నేను నీళ్లల్ల నడుము దాక ఉన్నట అప్పటికే.

తలకాయ పైకొచ్చింది. చేతులు కొట్టుకుంటున్నడు. పక్కనే అది తేలుకుంట వచ్చింది.

"పట్టుకో!" అని మొత్తుకున్న. "థర్మాకోల్ పట్టుకో! గట్టిగ పట్టుకో! ఇడిసిపెట్టకు!"

నా జిందగీల గంత గట్టిగ అరిచింది లేదు. నినాదాలు కూడ గంత గట్టిగ ఇయ్యలే.

పట్టుకున్నడు. రెండు చేతులతోని కావలిచ్చుకున్నడు. బిడ్డ పుట్టిననాడు కూడ గంత ప్రేమగ పట్టుకోలే. ఈతగాళ్లు దుంకిండ్రు. ట్యూబు ఏసిండ్రు. ఇద్దరు కలిసి ఆయనను, ఆయన ఇడువని థర్మాకోల్‌ను గట్టుకు తెచ్చిండ్రు. చేతులు విడిపిస్తే విడువడు. "అన్నా, గట్టుకొచ్చినం, ఇడువు" అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

నీళ్లు కక్కిండు. దగ్గిండు. కండ్లు తెరిచి నన్ను చూసి అన్నడు: "మునుగలేదానే?"

"నువ్వా, అదా?" అన్న. ఏడుపు ఆగలే.

అత్తమ్మ కర్ర ఊతంతోని వచ్చి ఆయన వీపు మీద రెండు చరిచింది. "గీ ఈడుకు చెరువుల దుంకుతవారా!" తల తుడువబోయి, మీసాలకు అంటిన తెల్ల గింజ ఒకటి తీసి కండ్ల దగ్గర పెట్టుకొని చూసింది. నా దిక్కు చూసింది.

"సరోజనా, ఇవి పొద్దుగాలటి పేలాలే గదనే?"

గప్పుడు ఇడిసిండ్రు అందరు నవ్వు. చెరువు గట్టంత. భయం పోయినంక వచ్చే నవ్వు, ఆగేది కాదు. లలితక్క కడుపు పట్టుకొని మెట్టు మీద కూలవడ్డది.

"సరోజనా... నీ భక్తి తేలిందే!"

నిజం చెప్తున్న, గా నవ్వుల నేను నీళ్లల్ల మునిగినా బాగుండు అనిపించింది. మేడం నవ్వలే. అక్షిత నవ్వలే. ఫోన్ చేతులనే ఉన్నది. నా దిక్కు చూసింది, మల్ల చూడలే.

గంతట్ల నీళ్లల్ల ఇంకో చప్పుడు. బుడుంగ్.

అందరు తిరిగి చూసిండ్రు. లలితక్క బతుకమ్మ మునిగిన కాడికెళ్లి నీలం రంగుది ఏదో పైకొచ్చింది. టబ్బు. బోర్లించిన ప్లాస్టిక్ టబ్బు. లోపల నింపిన ఆకు జారిపోయి, అలుకగై, పండుగ చూడవచ్చినట్టు తేలుతున్నది.

లలితక్క నవ్వు ఆగింది. లేచి చీరె దులుపుకున్నది.

"ఎవలదో ఏమో పాపం" అన్నది.

గా టబ్బుల లలితక్క బట్టలు నానపెట్టుడు రోజు గోడ మీదికెళ్లి చూస్త నేను.  మెట్టుకు తగిలినంక వంగి తీసిన. నీళ్లు పారబోసిన. తెచ్చి ఆమె పక్కన పెట్టిన.

అటెంక ఇంకోటి లేచింది. దారంతోని కట్టిన నీళ్ల బాటిళ్లు, ఆరు. ఒక పాత ప్లాస్టిక్ స్టూలు. ఒకటి తర్వాత ఒకటి. ఎవ్వలు "నాది" అనలే. ఒట్టేసిన నలభై మందిమి ఒకలనొకలం చూడకుండ మబ్బు దిక్కు చూసినం. మబ్బుల ఏముంటది? మల్ల వాన వచ్చేటట్టుంది అన్నరు కొందరు.

మేడం నెమ్మదిగ అడిగింది, "ఎవరిదీ లేదా ఇక్కడ మునిగింది?"

"మా అత్తమ్మది మునిగింది మేడం" అన్న. గా రోజు నేను చెప్పిన మొదటి నిజం అది.

అత్తమ్మకు వినవడలే. డబ్బా తెరిచి సత్తుపిండి ముద్ద తింటున్నది.

ఈతగాడు ఒకాయన థర్మాకోల్ తెచ్చి నా ముందట పెట్టిండు. "అమ్మా, ఇది ఇక్కడ ఇడిసిపోవద్దు. రూలు. మొన్న మీటింగ్‌ల మీరే చెప్పించిండ్రట గదా." తీసుకున్న. పోయేటప్పుడు నా తల మీదనే పోయింది, వచ్చేటప్పుడు నా తల మీదనే వచ్చింది. ఈసారి పువ్వులు లెవ్వు. దారి పొంటి అందరు చదువుకున్నరు, హ్యాండిల్ విత్ కేర్ అని. ఎవ్వలు "అలుకగున్నదా" అని అడుగలే. మూలగాల్సిన పని కూడ పడలే.

అక్షిత ముందట నడుస్తున్నది.  మా ఆయన చలికి వణుకుకుంట నా పక్కకొచ్చిండు.

"వీడియో తీసెయ్యమని చెప్పు. ఏం కాదు. రేపు చిన్న బతుకమ్మ పేర్చి, బకెట్ల ముంచి ఇంకోటి తీద్దం."

మంచి ఆలోచననే అనిపించింది. అబద్ధమాడను, అనిపించింది.

గల్లీ మలుపు కాడ అక్షిత ఆగింది. ఫోన్ నా చేతుల పెట్టింది.

"మేడం అడిగింది, వీడియో ఉంటదా అని. తెల్వది అన్న. నువ్వే చూడు అమ్మా. ఉంచుతవో, తీసేస్తవో."

చూసిన. నా బతుకమ్మ పోవుడు, వచ్చుడు, పోవుడు, వచ్చుడు. బుడుంగు. ఆయన జారుడు. అటెంక ఫోన్ కింద వడ్డట్టుంది. ఉత్త ఆకాశం కనవడుతున్నది. ఆకాశంల నా గొంతు: "థర్మాకోల్ గట్టిగ పట్టుకో! ఇడిసిపెట్టకు!" దాని ఎనుక చిన్నగ ఇంకో గొంతు, "డాడీ, డాడీ" అని. ఏడుపు. నాకు గప్పుడు గది వినవడలే.

తీసేసే గుర్తు మీద వేలు పెట్టిన. ఎంత చిన్నగుంటదది. చెత్తబుట్ట బొమ్మ. నా థర్మాకోల్ పట్టే చెత్తబుట్ట అదొక్కటే.

వేలు తీసిన.

"చూపెట్టు" అన్న.

"స్కూలందరి ముందట?"

"ఆ. పేరు మార్చు. 'మా అమ్మ మునగని బతుకమ్మ' అని పెట్టు."

"అందరు నవ్వుతరు అమ్మా."

"నవ్వితే నవ్వనియ్యి. మా అమ్మ చెప్పిందంటే చేస్తది అన్నవు గదా. ఇప్పుడు చెప్తున్న. వచ్చే ఏడు నాది కూడ నానమ్మ లెక్క దోసెడు బతుకమ్మనే."

పిల్ల ఫోన్ దిక్కు చూసింది. ఫోన్ తీసుకున్నది. నాలుగడుగులేసినంక చెయ్యి చాపి, తల మీది థర్మాకోల్‌ను ఒక దిక్కు పట్టుకున్నది. దానికి సాయం పట్టేంత బరువు లేదు. అయినా పట్టుకున్నది.

ఇంటికొచ్చినం. అందరి కన్న ముందు గడప కాడ నిలబడ్డ. నాకు అలవాటు, ఎక్కడికి పోయి వచ్చినా లెక్కవెట్టుకుంట. గా రోజు ఇంకింత గట్టిగ లెక్కవెట్టిన.

అత్తమ్మ, ఒకటి. సత్తుపిండి డబ్బా ఖాళీ.

బిడ్డ, రెండు. కండ్లు ఎర్రగున్నయి.

ఆయన, మూడు. కుడి కాలికి చెప్పు లేదు. జేబుల ఫోన్ ఉన్నది గని పలుకుత లేదు. మనిషున్నడు. చాలు.

నేను, నాలుగు.

తల మీదికెళ్లి దాన్ని దించి గోడకు ఆనిచ్చిన. ఒక్క పెచ్చు ఊడలే. ఒక్క గీర పడలే. టేపు కూడ లేవలే.

పోయింది నలుగురం. క్షేమంగ వచ్చింది ఐదుగురం.